జాకెట్టు ముక్కలూ, వైర్ల సంచీ

చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చారనుకోండి. తలుపు తీసేది మీ ఆయన, అదే మా మరిదిగారే. "రండి రండి, ఎన్నాళ్ళకెన్నాళ్ళకు!" అని నోరారా పిలిచేదీ ఆయనే. సోఫా మీది తువ్వాలు, కిందపడ్డ సాక్సు, టీపాయ్ మీది ఎంగిలి గ్లాసు మూడూ ఒక్క చేత్తో ఎత్తుకుంటూ "ఏమనుకోకండి, ఇల్లంతా చిందరవందరగా ఉంది, పొద్దున్నించీ తీరిక లేదు" అని సంజాయిషీ చెప్పుకునేది మాత్రం మీరు. తువ్వాలు ఆయనది, సాక్సు పిల్లాడిది, టీ తాగింది మామగారు. నేనూ ఇన్నేళ్ళుగా ఇన్ని గడపలు తొక్కాను గానీ చెల్లెళ్ళూ, "ఇల్లు ఇలా ఉందేమనుకోకండి" అన్న మగాణ్ణి ఇంకా చూడలేదు. మీకెక్కడైనా తగిలితే ఓ ముక్క రాయండి, నేనే వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

ఈసారి ముచ్చట ఇంట్లో పేరుకుపోయే సామాన్ల గురించి. ఇల్లు అద్దంలా ఉంచుకోవడం ఎలాగో చెప్పను, భయపడకండి. ఆ పాఠం మనకు పావడాలు కట్టుకున్న రోజుల్నించీ వింటున్నదే. ఈ సామాన్ల బరువు మన ఒంటి మీదా మనసు మీదా ఎలా పడుతోంది, అది ఇంటిల్లిపాదిలో మన మీదే ఎందుకు పడుతోంది అన్నది నా గొడవ.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 తర్వాత కొన్నేళ్ళపాటు, ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచుకుంటున్న 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళలోకి కెమెరాలు పట్టుకుని వెళ్ళారు. రోజంతా ఎవరు ఏం చేస్తున్నారు, ఏ గదిలో ఏముంది అన్నీ నమోదు చేశారు. కారు కోసం కట్టుకున్న గ్యారేజీల్లో నాలుగింట మూడింటిలో కారు పట్టే చోటే లేదట. అట్టపెట్టెలూ, పాత కుర్చీలూ కారును వీధిలోకి నెట్టేశాయన్నమాట. అక్కడి సంగతి అలా ఉంటే మన అటకల్ని ఏమనగలం?

ఆ ఇళ్ళ నుంచే వచ్చిన ఇంకో పరిశోధనను డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే ఇద్దరు 2010లో ప్రచురించారు. భార్యనూ భర్తనూ విడివిడిగా "మీ ఇల్లు చూపిస్తూ మాట్లాడండి" అన్నారు. మాటల్లో "సర్దాలి, ఇది ఇంకా అవలేదు, అదంతా గందరగోళం" అనే ధోరణి ఎంతుందో లెక్కకట్టారు. తర్వాత రోజులో పలుమార్లు ఉమ్మి తీసి అందులో కార్టిసాల్ ఎంతుందో చూశారు. కార్టిసాల్ అంటే ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే హార్మోను. మామూలుగా పొద్దున్న ఎక్కువగా ఉండి, సాయంత్రానికి దిగిపోవాలి. ఇంటి గురించి అలా విసుగ్గా మాట్లాడిన భార్యల్లో అది దిగాల్సినంత దిగలేదు. పొద్దుగూకే కొద్దీ మనసు కూడా దిగులుగా మారింది. "మా ఇంట్లో హాయిగా ఉంటుంది" అన్నట్టు మాట్లాడిన భార్యల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. సామాను వల్ల దిగులొచ్చిందా, దిగులుండబట్టే సామాను అలా పడుందా అన్నది ఈ ఒక్క పరిశోధనతో తేలేది కాదు. నన్నడిగితే రెండూ నిజమే. అలిసిపోయాం కాబట్టి సర్దం, సర్దలేదు కాబట్టి ఇంకా అలిసిపోతాం.

ఒక్కసారి మీ డైనింగ్ టేబుల్ దగ్గరకు రండి. ఈ మూల కరెంటు బిల్లు. కట్టామా, ఇంకా లేదా? దానికింద శుభలేఖ. వెళ్ళాలా? వెళ్తే ఏం పెట్టాలి, వాళ్ళు మనకేం పెట్టారు? సగం వాడి వదిలేసిన మాత్రల షీటు. ఎవరివివి, ఇంకా వేసుకోవాలా? మిక్సీ జారు మూతలోంచి ఊడొచ్చిన రబ్బరు వాషరు. కొత్తది ఏ కొట్లో దొరుకుతుంది, నమూనాకు దీన్నే పట్టుకెళ్ళాలా? ఆన్‌లైన్‌లో తెప్పించిన కుర్తీ, చంకల్లో పట్టేసింది. వెనక్కి పంపే గడువు రేపో ఎల్లుండో. దేనికో తాళం చెవి. దేనికో!

ఇలా పడున్న ప్రతి వస్తువూ తేలని ఒక వ్యవహారమే. "నన్నేం చేస్తావు?" అని అడుగుతూనే ఉంటుంది. మా మరిదిగారు అదే బల్ల దగ్గర కూర్చుని, బిల్లూ శుభలేఖా అరచేత్తో అటు జరిపి, ఇడ్లీలు తిని లేచిపోతారు. కంటికి కనబడక కాదు. ఆ ప్రశ్నలు తననడగట్లేదని ఆయనకు తెలుసు. మనం మాత్రం చట్నీ వడ్డిస్తూనే ఆ అయిదారు ప్రశ్నలకూ లోలోపల జవాబులు వెతుక్కుంటాం. అంట్లు తోమడానికి వంగే నడుము అలిసిపోతుందని అందరూ ఒప్పుకుంటారు. ఈ తేల్చుకోవడాలకు అలుపుంటుందని ఎవరూ ఒప్పుకోరు, మనతో సహా.

ఇదేమీ నేను ఊహించి చెబుతున్నది కాదు. కళ్ళ ముందు ఒకేసారి చాలా వస్తువులుంటే అవన్నీ మెదడు ధ్యాస కోసం ఒకదానితో ఒకటి పోటీ పడతాయని, మనకు కావలసినదాని మీద చూపు నిలపాలంటే మిగతావాటిని మెదడు పనిగట్టుకుని అణచాల్సి వస్తుందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో స్కానింగుల సాయంతో చూపించారు. ఏ పనీ చెయ్యకపోయినా గదిలో కూర్చుంటే తల వేడెక్కిపోతోందని మీలో కొందరంటారు చూడండి, అది వట్టి మాట కాదు.

సరే, ఈ సామానంతా ఎక్కణ్ణుంచి వస్తోంది? కొన్నవి కొంత. మన ఇళ్ళలో కొననిదే ఎక్కువ. శ్రావణమాసం సంగతి చూడండి. వరలక్ష్మీవ్రతం పేరంటాలకు వెళ్ళొస్తే ఆకులు, వక్కలు, రెండరటిపళ్ళు, సెనగలు, వాటి మీద మడత పెట్టిన జాకెట్టు ముక్క. అరటిపళ్ళు తింటాం, సెనగలు తాలింపు వేస్తాం. జాకెట్టు ముక్క? ఆ రంగుకు తగ్గ చీర మన దగ్గరుండదు. ఉన్నా, ఈ మోచేతుల దాకా చేతుల ఫ్యాషన్‌కు గుడ్డ చాలదు. చాలినా, ముక్క ఖరీదుకు ఎన్నోరెట్లు కుట్టుకూలి. అందుకని బీరువాలో పెడతాం, మళ్ళీ వారం మనింటికొచ్చిన ముత్తైదువకు అదే పెడతాం. ఆవిడ ఇంకొకరికి. మా ఇంటి నుంచి బయల్దేరిన ఓ మెరూన్ రంగు ముక్క, అంచు మీద నా చేతి కుంకుమ మరకతో సహా, వీధంతా తిరిగి మళ్ళీ నా ఒళ్ళోనే పడింది. దాన్ని జీవితంలో ఎవరూ కత్తిరించరు. లోకంలో జాకెట్టు కాని జాకెట్టు గుడ్డ మన దగ్గరే ఉంటుందేమో!

స్టీలు సామాన్ల కథ వేరు. గృహప్రవేశానికో పుట్టినరోజుకో ఎవరో ఇస్తారు, పళ్ళెం అంచున చుక్కలు చుక్కలుగా పేరూ తారీఖూ కొట్టించి మరీ. ఇంక దాన్ని ఎవరికివ్వగలం? పనమ్మాయికిచ్చినా ఆ పేరు వాళ్ళకు తెలిసినవాళ్ళదై ఉంటుంది. పెళ్ళి శుభలేఖలు, పాత క్యాలెండర్లు ఇంకో చిక్కు. ప్రతిదాని మీదా వినాయకుడో వెంకటేశ్వరస్వామో. చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రావు. పూజగది అరలో ఏళ్ళ తరబడి పోగుపడి, చివరికి ఏ రావిచెట్టు మొదట్లోనో గుడి గోడ పక్కనో తేలతాయి. ఫ్రేము అద్దం పగిలి ఎవరి కాల్లోనో దిగుతుంది. శుభలేఖ మీద దేవుడి బొమ్మ వెయ్యకపోతే పెళ్ళికి లోటేమీ రాదని నా అభిప్రాయం. ‘శ్రీరస్తు శుభమస్తు’ అన్న మాట చాలు. ఈ మాటకు నన్ను తిట్టేవాళ్ళు తిట్టండి.

కవర్లో కవరు, దాంట్లో ఇంకో కవరు, ఐస్‌క్రీమ్ డబ్బాలో గోంగూర పచ్చడి... వీటి గురించి చెప్పక్కర్లేదు, మీ ఫ్రిజ్ తలుపు మీరే తీసి చూసుకోండి.

ఇదంతా చూసి "మన అమ్మలూ అత్తలూ ఏదీ పారెయ్యరు, అదే ఈ రోగానికి మూలం" అని ఈకాలం పిల్లలు తీర్పు చెప్పేస్తుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు పారెయ్యకపోవడానికి కారణముంది. ఆ రోజుల్లో ఇంట్లో ప్రతి వస్తువుకూ ఓ దారుండేది. చీర చిరిగితే మంచి భాగం ఆడపిల్లకు పరికిణీ. అదీ అరిగితే పసివాడికి ఉయ్యాల గుడ్డ, పక్కగుడ్డ. ఆపైన నాలుగు పాత చీరలు కలిపి బొంత. ఇక దేనికీ కాకపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ. జరీ చీరైతే కొనేవాడు వీధిలోకే వచ్చేవాడు. పాతబట్టలకు స్టీలు గిన్నెలమ్మ వచ్చేది, గంప దించి గంటసేపు బేరం. చివరికి దువ్వెనకు అంటిన చిక్కు వెంట్రుకలకు కూడా కొనుగోలుదారుడుండేవాడు. ఇత్తడి గిన్నెకు కళాయి పోసేవాళ్ళు, చిల్లుపడ్డ బిందెకు మాటు వేసేవాళ్ళు గుమ్మంలోకి వచ్చి కేకేసేవాళ్ళు. పాత పేపర్లు కిరాణా కొట్లో పొట్లాలయ్యేవి. "ఎందుకైనా పనికొస్తుంది" అని అత్తగారు అన్నారంటే నిజంగానే పనికొచ్చేది.

ఇప్పుడు లోపలికొచ్చే దారి బార్లా తెరుచుకుంది, గంటకో కొరియర్ అబ్బాయి. బయటికెళ్ళే దారి మూసుకుపోయింది. మిక్సీ బాగుచేయించే ఖర్చుకు ఇంకొంచెం వేస్తే కొత్తదొస్తుంది. కొత్తది కొంటాం, పాతది అటకెక్కిస్తాం, "మోటారు బాగానే ఉందిగా" అని. అత్తగారి అలవాటు తప్పు కాదమ్మా, ఆ అలవాటుకు పునాదిగా ఉన్న లోకం పోయింది. ఈ తేడా మనం గుర్తిస్తే చాలా ఇళ్ళలో అత్తాకోడళ్ళ కీచులాట సగానికి సగం తగ్గుతుంది.

మమకారం అనేది కూడా ఒకటుంది లెండి. కానేమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు 1990లో ఓ సరదా పరీక్ష గురించి రాశారు. విద్యార్థుల్లో కొందరికి కాఫీ కప్పులిచ్చి ఎంతకమ్ముతారని అడిగారు, కప్పులు లేనివాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళు చెప్పినదానికి రెట్టింపు దాకా పలికింది. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు, అప్పుడే ‘నాది’ అయిపోయింది! మరి మన పెళ్ళిలో వచ్చి, పెట్టె విప్పకుండా ఇన్నేళ్ళుగా షోకేసు మీద కూర్చున్న డిన్నర్ సెట్టును వదులుకోమంటే ప్రాణం ఉసూరుమనదూ?

ఇక ఒంటి సంగతి. పొద్దున లేవగానే వరస తుమ్ములు, ముక్కు కారడం, పిల్లలకు రాత్రిళ్ళు పిల్లికూతలు ఉన్న ఇళ్ళవాళ్ళు మంచం కిందికి ఓసారి వంగి చూడండి. సూట్‌కేసులు, పాత దుప్పట్లు, వాడని దిండ్లు, సంచుల్లో బట్టలు. ధూళిలో కంటికి కనిపించని పురుగులుంటాయి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటికి ఆహారం. తేమ వాటికి ప్రాణం. మన కోస్తా గాలిలో తేమకు కొదవా! పరుపుల్లో, దిండ్లలో, బొచ్చుబొమ్మల్లో కాపురం పెడతాయి. వాటి విసర్జనే చాలామందికి ఎలర్జీ తెస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళను ఇంకా ఇబ్బంది పెడుతుంది. దుప్పట్లూ గలీబులూ 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే అవి చస్తాయి. మంచం కింద ఖాళీగా ఉంటేనే కదా చీపురు ఆ గోడ దాకా వెళ్ళేది! బొద్దింకలకు సింకు కిందా, ఫ్రిజ్ వెనకా దాచిన అట్టపెట్టెలు స్వర్గం. వాటి రెట్టా, రాలిన పెంకు ముక్కలూ కూడా ఉబ్బసాన్ని రేపుతాయి. కాబట్టి "టీవీ అట్టపెట్టె దాచిపెట్టాం, ఇల్లు మారేటప్పుడు కావాలిగా" అనేవాళ్ళు, ఇల్లు ఎప్పుడు మారుతున్నారో ముందు తేల్చండి.

బాల్కనీ ఇంకో ముచ్చట. చెవి విరిగిన బకెట్టు, మూలనపడ్డ కూలరు, బండి పాత టైరు, ఎండిపోయిన తులసికోట పక్కన కుండీ కింద పళ్ళెం. డెంగీ తెచ్చే దోమ మురుగు కాలవ వెతుక్కోదు, ఇలాంటి వాటిలో నిలిచిన శుభ్రమైన నీళ్ళే దానికి కావాలి. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. అందుకే మన దగ్గర శుక్రవారం ‘డ్రై డే’ పాటించమని చెబుతారు, వారానికోసారి నీళ్ళన్నీ పారబోస్తే ఆ చక్రం తెగుతుందని. ఒక్క మెలిక. గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఎండలో కూడా నెలల తరబడి బతికుంటాయి. పారబోసి ఊరుకుంటే లాభం లేదు, పీచు పెట్టి తోమాలి. తోమే ఓపిక లేని బకెట్టును ఉంచుకోవడం ఎందుకు మరి?

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది పెద్దవాళ్ళు పడిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది కిందపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మామగారు రాత్రి రెండింటికి లేచి చీకట్లో బాత్రూముకు వెళ్ళే దారి ఒక్కసారి మీరు నడిచి చూడండి, లైటు వెయ్యకుండా. మంచం పక్కన ముక్కాలిపీట, టేబుల్ ఫ్యాను వైరు, పేపర్ల దొంతర, మూలలు పైకి లేచిన డోర్‌మ్యాట్. అరవై దాటినవాళ్ళకు తుంటి విరిగితే ఆపరేషనుతో అయిపోదు, ఆపైన మంచం, పుండ్లు, ఒకరి మీద ఆధారపడ్డానన్న కుంగుబాటు. ఇల్లంతా ఎలాగైనా ఉండనివ్వండి, ఆ ఒక్క దారి మాత్రం ఈ రాత్రికే ఖాళీ చెయ్యండి.

ఇంకో మాట, ఇది చెవిన వేసుకోండి. ఎప్పుడూ కడిగిన ముత్యంలా ఇల్లుంచుకునే మనిషి ఉన్నట్టుండి అంతా వదిలేసిందనుకోండి. సింకులో రెండ్రోజుల అంట్లు, మడతపెట్టని బట్టల గుట్ట. "ఏమైంది దీనికి, బద్ధకం పెరిగింది" అంటారు ఇంట్లోవాళ్ళు. ఇంటిని కాదు, ముందు ఆ మనిషిని చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. థైరాయిడ్ తగ్గినా అంతే, లేచి నిలబడటమే గగనమవుతుంది. కాన్పయిన కొత్తల్లో వచ్చే దిగులు సరేసరి. సర్దలేకపోవడం ఒక్కోసారి సోమరితనం కాదు, రోగలక్షణం. రక్తపరీక్ష చేయించుకున్నాక అటక సంగతి చూడొచ్చు.

అలాగే ఏదీ వదల్లేని జబ్బు కూడా ఒకటుంది. పనికిరాని కాగితమైనా తీసేస్తానంటే గుండెలు బాదుకోవడం, మంచం మీద పడుకునే చోటు లేకపోవడం, వంటింట్లో వండుకునే చోటు లేకపోవడం దాకా వస్తే అది పిసినారితనం కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. అలాంటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు లారీ పిలిపించి ఖాళీ చేయిస్తే మేలు చేసినట్టు కాదు. మనుషుల మీద నమ్మకం పోతుంది, ఇల్లు మళ్ళీ నిండుతుంది. డాక్టరుకు చూపించాలి, కౌన్సెలింగ్ కావాలి. ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ ఓ చురక. విజయవాడలోనో హనుమకొండలోనో మీ అమ్మానాన్నల మూడు గదుల ఇంట్లో రెండు గదులు మీవే. మీ షీల్డులు, క్యారమ్ బోర్డు, వచ్చినప్పుడల్లా వదిలేసి వెళ్ళిన సూట్‌కేసులు, మనవరాలు ఒక్క వేసవి ఊగిన ఉయ్యాల. ఎంసెట్ పేరే మారిపోయి ఈఏపీసెట్ అయింది గానీ మీ ఎంసెట్ పుస్తకాలు మాత్రం బీరువా దిగలేదు. "పారెయ్యమ్మా" అని ఫోన్లో అనడం తేలిక. మీ చేతిరాత ఉన్న నోటుపుస్తకం ఆవిడ ఎలా పారేస్తుంది? ఈసారి వీడియో కాల్‌లో బీరువా తెరిపించి, ఒక్కొక్కటీ చూసి, ఉంచేదేదో ఇచ్చేసేదేదో మీ నోటితో చెప్పండి. ఆ పుస్తకాలు ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లలకెవరికైనా, లెక్కలూ ఫిజిక్సూ పాతబడవు కదా, పనికొస్తాయి. పోయినవాళ్ళ వస్తువుల విషయంలో మాత్రం తొందర పెట్టకండి. అమ్మ చీరల్లో ఏది ఉంచాలి, ఏది అక్కకివ్వాలి, ఏది వదలాలి అన్నది సంవత్సరీకం దాటాక కూడా తేలకపోవచ్చు. ఆ బీరువా అలా ఉండనివ్వండి. ఇల్లేమీ మునిగిపోదు.

మరి ఏం చెయ్యమంటావక్కా అంటారా? ముందు ఆ ఫోన్లలో కనిపించే తెల్లటి ఇళ్ళను చూడ్డం తగ్గించండి. ప్రపంచం మొత్తానికి సర్దడం నేర్పిన జపాను ఆవిడ మేరీ కోండో కూడా మూడో బిడ్డ పుట్టాక ఇంటిని అలా ఉంచడం దాదాపు మానేశానని, పిల్లలతో గడపడమే ముఖ్యమని 2023లో చెప్పేసింది. ఆ మాట విని నాకెంత హాయనిపించిందో! పిల్లలున్న ఇంట్లో కొంత చిందరవందర ఉండాల్సిందే. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో చేసిన పరీక్షల్లో, సర్దిన గదిలో కూర్చున్నవాళ్ళు తినడానికి చాక్లెట్ కన్నా ఆపిల్‌ను ఎంచుకోవడం ఎక్కువైతే, సర్దని గదిలో ఉన్నవాళ్ళకు కొత్త ఆలోచనలు ఎక్కువొచ్చాయట. మీ పిల్లాడు ఈ మాట చదవకుండా చూసుకోండి.

సర్దుకునే డబ్బాలూ బుట్టలూ కొనకండి. అవీ సామానే. ఇల్లంతా ఒక్క ఆదివారంలో బోర్లించి నడుం పట్టేసుకోవడం కూడా వద్దు. ఒక సొరుగు చాలు. నేనైతే మందుల డబ్బాతో మొదలెట్టమంటాను. గడువు దాటినవి తీసెయ్యండి. సగం మిగిలిన యాంటీబయోటిక్స్ ‘మళ్ళీ జ్వరమొస్తే వేసుకుందాం’ అని దాచడం ఇంటికీ ఒంటికీ రెండిటికీ చేటు. ఇక లోపలికొచ్చేవాటి మాట. ఈ శ్రావణంలో జాకెట్టు ముక్క బదులు అరకిలో కందిపప్పు పొట్లం పెట్టి చూడండి, ఏ ముత్తైదువైనా దాన్ని తిప్పి ఇంకొకరికి పంపుతుందేమో! భోగి మంటల్లో పాత సామాను వెయ్యాలనుకుంటే కట్టెలూ పిడకలూ సరే. ప్లాస్టిక్ కుర్చీ, టైరు, రంగు వేసిన తలుపు చెక్క వేశారంటే ఆ పొగ ముందు మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోయేది.

అసలు పని వేరే ఉంది. ఎవరి వస్తువు సంగతి వాళ్ళే తేల్చుకోవాలన్న ఒప్పందం ఇంట్లో కుదరాలి. వాళ్ళు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే కూలీ పని మనది కాదు, వాళ్ళ బదులు ఆలోచించే పని అంతకన్నా కాదు. పిల్లలకు ఒక్కొక్కరికో బుట్ట ఇచ్చి, హాల్లో దొరికిందల్లా అందులో పడెయ్యండి, వెతుక్కునే బాధ వాళ్ళది. అత్తగారి వస్తువు ఆవిడ లేనప్పుడు ముట్టుకోకండి. పక్కన కూర్చుని "ఇదెక్కడిదత్తయ్యా?" అని అడగండి. కథ చెప్పడం అయ్యాక చాలాసార్లు ఆవిడే "సరే, ఎవరికైనా ఇచ్చెయ్" అంటుంది. డైనింగ్ టేబుల్ మీది కరెంటు బిల్లు తేల్చేది మరిదిగారు, శుభలేఖ తేల్చేది మీరు. అలా పేరుపేరునా పంచుకోండి.

ఇక ప్రతి ఇంట్లోనూ ఓ వైర్ల సంచి ఉంటుంది. మీ బావగారిది మా టీవీ కింద సొరుగులో. ఎప్పుడో పోయిన ఫోన్ల చార్జర్లు, డీవీడీ ప్లేయరు తీగలు, ఏ రిమోటుదో తెలియని మూత, అన్నీ కలిసి ముడిపడి ఒకే ఉండ. అందులో చెయ్యి పెడితే "ఆగు, అందులో ముఖ్యమైంది ఒకటుంది" అంటారు. దాని జోలికి మీరు పోకండి చెల్లెళ్ళూ. ఆదివారం మ్యాచ్ మొదలయ్యే ముందు ఆ సంచి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టండి. ఏ వైరు దేనిదో చెప్పగలిగినవి ఆయన సొరుగులోకి, చెప్పలేనివి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకు. ఎక్కడ తీసుకుంటారో వెతికి, తీసుకెళ్ళి ఇచ్చొచ్చేది కూడా ఆయనే.